గురువారం బస్సుతో వచ్చే ఆవిడ

వెల్డెన్‌బాఖ్,
4 ఆగస్టు 1978

అక్కా,

నీ ఉత్తరం అందింది. బావ మోకాలి నొప్పి తగ్గిందని రాశావు, సంతోషం. ఇక్కడ వానలు సరిపడా పడ్డాయి. పై వాలులో ద్రాక్ష గుత్తులు బిగుస్తున్నాయి. పక్కింటి ఫెర్డి మటుకు తన తోటలో ఇంకా బాగున్నాయంటాడు. వాడి తోటలో ఎప్పుడు బాగోలేదు గనక.

కొత్త చొక్కాలు రెండు ఎందుకు కొన్నావని అడిగావు. బ్రెమెన్‌లో ఉన్న నీకు నా చొక్కాల సంగతి మోసింది ఫెర్డి పెళ్ళామే అయ్యుంటుంది. పాతవి చిరిగాయి, కొన్నాను. అంతే.

అంతే కాదనుకో. చెప్పక దాచినా నువ్వు ఊరుకోవు.

ఈ వేసవి నుంచి గురువారం గురువారం కోబ్లెంజ్ నుంచి టూరిస్టు బస్సు మన ఇంటి ముందు ఆగుతోందని ఇదివరకే రాశాను. పెన్షన్ పుచ్చుకుంటున్న పెద్దవాళ్ళు ఓ నలభై మంది దిగుతారు. నేలమాళిగ చూపిస్తాను, ఆరు రకాల వైన్ రుచికి పోస్తాను, కొనేవాళ్ళు కొంటారు. బస్సు పని మీద వచ్చేవాళ్ళకి మన రివాజు ప్రకారం వంటింట్లో భోజనం. అలా బస్సుతో వస్తుంది ఒకావిడ. మన అమ్మ చేసే పద్ధతిలోనే బంగాళాదుంపల సూప్ చేసి పెడుతున్నాను. మాట్లాడకుండా తింటుంది, రెండోసారి వడ్డించుకుంటుంది, తన గిన్నె తనే కడిగి బోర్లిస్తుంది. పోయినవారం వెళ్తూ వెళ్తూ, "ఈ ఇంట్లో సద్దు లేదు, బాగుంది" అంది. మార్తా పోయి నేను ఒంటరివాణ్ణయి ఆరేళ్ళయింది కదా. ఆ సద్దు లేకపోవడం బాగుందని నాకు ఎన్నడూ అనిపించలేదు. ఆవిడ అన్నాక అనిపించింది.

ఒక్కటే బాధ. నా వైన్ చుక్క ముట్టదు. "పనిలో ఉన్నాను కదా, టీలెన్ గారూ" అంటుంది. నా బల్ల దగ్గర కూర్చుని నా వైన్ తాగని మనిషి ఈవిడొక్కతే. నలుగురూ మెచ్చుకుంటుంటే నా కళ్ళు వంటింటి వైపే ఉంటాయి.

సెప్టెంబరు చివరి గురువారంతో బస్సు ఆగిపోతుంది, ఇక కోతలు. వచ్చే ఏడు ఆవిడని వేరే దారిలో వేస్తారట. అంటే నాకు మిగిలింది ఈ రెండు నెలలే. యాభై మూడేళ్ళవాడు ఒక ఆడమనిషితో ఇలాంటి మాట ఎలా ఎత్తాలి? నీకు తెలుస్తుందని అడుగుతున్నాను. బావకి చెప్పకు.

నీ తమ్ముడు
కాస్పర్


బ్రెమెన్,
9 ఆగస్టు

ఒరేయ్ కాస్పర్,

నీ ఉత్తరం బావకి గట్టిగా చదివి వినిపించాను. చెప్పకు అన్నది చివర రాశావు, అప్పటికే అంతా చదివేశాను, తప్పు నాది కాదు. ఆయన నవ్వి నవ్వి మోకాలు మళ్ళీ పట్టేసింది.

అదృష్టవంతుడివిరా. ఆరేళ్ళుగా మేమంతా ఎంత మొత్తుకున్నాం? ఆ మందుల షాపు వాళ్ళ అమ్మాయిని చూపిస్తే నేలమాళిగలోకి పారిపోయి పీపాలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నావు. ఇప్పుడు గుమ్మం ముందు బస్సే వచ్చి ఆగింది.

అయితే నాకో అనుమానం. పనిలో ఉన్నానని వైన్ ముట్టని గైడ్‌ని నేనింతవరకు చూడలేదు. మరీ అంత నియమమా? లేక నీ వైనే నచ్చలేదా? నువ్వు నొచ్చుకోకు, పెద్దదాన్ని గనక అడుగుతున్నాను. పైగా రోజంతా మైకు పట్టుకుని వాగేవాళ్ళు వంటింట్లోకి వచ్చి మౌనంగా తింటారంటే నమ్మబుద్ధి కావడం లేదు. నువ్వు నేలకేసి చూస్తూ మాట్లాడే రకం. ఎదుటివాళ్ళు సగం నాటకం ఆడినా నీకు తెలీదు.

మాట ఎలా ఎత్తాలా? ముందు మనిషి ఎలాంటిదో తేలనీ. ఆ సంగతి నాకు వదిలెయ్యి.

చొక్కాలు ఇస్త్రీ చేసుకో. కాలరు లోపలి నుంచి.

లోనీ


వెల్డెన్‌బాఖ్,
14 ఆగస్టు

అక్కా,

"నాకు వదిలెయ్యి" అన్నావు. ఆ మాట చదివి రెండు రాత్రులు నిద్రపట్టలేదు. చిన్నప్పుడు మేక కాలు విరిగినప్పుడు కూడా అదే అన్నావు.

దయచేసి రాకు. వస్తే మొహం మీదే ఆవిణ్ణి ఏదో ఒకటి అడిగేస్తావు. నువ్వు నాలుగు మంచిమాటలు రాసి పంపితే చాలు, నేను బట్టీపట్టి ఒప్పజెప్తాను.

మొన్న గురువారం ఆవిడకి మన పై వాలు చూపించాను. అంత నిటారు వాలులో ఎలా నిలబడి పని చేస్తారని అడిగింది. అలవాటన్నాను. "నాకూ అంతే, మలుపులు అలవాటు" అంది. దానర్థం ఏమిటో నాకు పూర్తిగా తెలీలేదు గాని రోజంతా హాయిగా ఉంది.

కాస్పర్


బ్రెమెన్,
28 ఆగస్టు

ఒరేయ్ తమ్ముడూ,

కోప్పడకుండా చదువు. నేను వచ్చి వెళ్ళాను.

మొన్న ఇరవైనాలుగు, గురువారం, కోబ్లెంజ్‌లో నీ బస్సెక్కాను. తలకి గుడ్డ, కళ్ళకి బావగారి నల్లద్దాలు. చుట్టూ వుప్పర్‌టాల్ నుంచి వచ్చిన పెన్షన్ మూక. ఎక్కీ ఎక్కగానే ఉడకబెట్టిన గుడ్లు బయటికి తీశారు. నా పక్క సీటాయన నాకూ ఒకటి ఒలిచి పెట్టాడు. మంచివాడే గాని, దిగేదాకా తన పిత్తాశయం ఆపరేషన్ గురించే చెప్పాడు.

ఇక నీ గైడమ్మ. ఎల్కె. పేరు మైకులో మూడుసార్లు చెప్పింది. ఒరేయ్, నోరు ఒక్క క్షణం ఊరుకోదే. ప్రతి గుట్టకీ ఒక రాకుమారి, ప్రతి రాకుమారికీ ఒక చచ్చిపోయిన ప్రియుడు. మన ఊరు రాగానే, మన తాత బాతుల కోసం కట్టించిన తొట్టిని చూపించి, రోమన్లు స్నానాలు చేసిన చోటు అంది. నలభై మందీ ఫోటోలు తీశారు. నేను నాలుక కరుచుకుని కూర్చున్నాను. నాకు అది ఎంత కష్టమో నీకు తెలుసు.

అసలు సంగతి విను. పొద్దున పదింటికే మొదటి ఊళ్ళో వైన్ రుచి చూపించారు కదా, అక్కడ నీ గైడమ్మ అందరితోపాటు గ్లాసు ఎత్తింది. ఒకటి కాదు. ఆ తర్వాత అందరి చేతులూ పట్టించి అటూ ఇటూ ఊగుతూ పాటలు పాడించింది. నీ దగ్గరికొచ్చేసరికి ఏమీ ఎరగనట్టు "పనిలో ఉన్నాను కదా, టీలెన్ గారూ"! అప్పుడే నాకు ఒళ్ళు మండింది.

మన ఇంటి ముందు అందరూ దిగారు, నేను దిగలేదు. గుర్తుపడతావని కాలు నొప్పన్నాను. కిటికీలోంచి చూశాను. నువ్వు బీట్‌రూట్‌లా ఎర్రబడి నిలబడ్డావు, అది నీ చొక్కా చెయ్యి పట్టుకుని ఇకిలిస్తోంది. నువ్వేమో అటూ ఇటూ దిక్కులు చూస్తున్నావు. పాపం అనిపించింది.

బస్సులో నాకు తోడుగా డ్రైవరమ్మ ఉండిపోయింది. అవునురా, డ్రైవరు ఆడమనిషి. మొగుడు పోయాక ఆయన స్టీరింగు తను పట్టుకుందట. గెర్డా నోవాక్, డోర్ట్‌ముండ్ వైపు మనిషి. "మీరు వెళ్ళి భోంచెయ్యండి" అంటే, "ఒంటరిగా ఎలా వదిలి వెళ్తానమ్మా" అని తన ఫ్లాస్కులో కాఫీ నాకే పోసింది, నా కాలి కింద దుప్పటి మడిచి పెట్టింది. లేని నొప్పికి అంత సేవ చేయించుకోవడం నాకే సిగ్గేసింది. మాట పొదుపు, చెయ్యి చురుకు. మనసు విప్పి మాట్లాడుకోవచ్చనిపించింది.

అందుకని చెప్పేశాను. ఈ టీలెన్ మా తమ్ముడు, మీ గైడ్ మీద మనసు పడ్డాడు, నెలల తరబడి కుమిలిపోతున్నాడు, మీరు రోజూ చూస్తారు కదా, ఆ ఎల్కె మంచిదేనా అని అడిగాను. ఆవిడ నా కాలి కింది దుప్పటి ఇంకోసారి సర్దింది. తర్వాత, "ఎల్కెకి పెళ్ళి కాలేదు, మనసు మంచిదే" అంది. ఫ్లాస్కు మూత బిగించుకుంది. తోటి మనిషి మీద ఒక్క చాడీ చెప్పలేదు చూడు, ఎంత గొప్ప గుణం!

నా తీర్పు ఇదీ. ఆ చిలకని మర్చిపో. నీకు కావలసింది ఆ డ్రైవరమ్మలాంటి మనిషి. అలాంటిది దొరికితే మరి ఆలోచించకు, నేనే దగ్గరుండి పెళ్ళి చేస్తాను.

నీ మేలు కోరే
అక్క


వెల్డెన్‌బాఖ్,
2 సెప్టెంబరు

అక్కా,

ఆ డ్రైవరమ్మే.

నేను "బస్సుతో వచ్చే ఆవిడ" అని రాశాను. బస్సుని తెచ్చేది ఎవరు? గైడ్ బస్సులో కూర్చుని వస్తుంది, అంతే. ఆవిడ వైన్ ఎందుకు ముట్టదో ఇప్పుడైనా అర్థమైందా? నలభై మంది ప్రాణాలు చేతిలో పెట్టుకుని ఈ నది మలుపుల్లో బండి నడిపే మనిషి తాగుతుందా? ఎల్కె వంటింట్లోకి ఒక్కనాడూ రాలేదు. ఆ పిల్ల అతిథులతోనే తింటుంది. నాకు కూతురయ్యే వయసు.

ఇరవైనాలుగున నేను దిక్కులు చూసింది గెర్డా గారి కోసం. సూప్ చల్లారిపోయింది. ఏదో పని పడిందేమో, వచ్చేవారం వస్తుందిలే అనుకున్నాను. మొన్న గురువారం కూడా రాలేదు. బయటికి వెళ్ళి చూస్తే బస్సు మెట్టు మీద కూర్చుని రొట్టె తింటోంది. సూప్ ఉందన్నాను. "థాంక్సండీ, నాకు రొట్టె ఉంది. ఎల్కెని పిలవనా?" అంది. ఎల్కె ఎందుకో నాకు అర్థం కాలేదు. తల గోక్కుని లోపలికి వచ్చేశాను. మర్నాడు నీ ఉత్తరం వచ్చింది. అప్పుడు తెలిసింది.

కొంప ముంచావు అక్కా. నాకు చాలా కోపంగా ఉంది. ఇంతకంటే ఏం రాయాలో తెలియడం లేదు.

కాస్పర్


బ్రెమెన్,
6 సెప్టెంబరు

కాస్పర్,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి తలుపేసుకుని ఏడ్చాను. బావ తలుపు కొట్టి, "నోరు జారింది నువ్వే కదా, ఏడవాల్సింది వాడు" అన్నాడు. ఆయన మాట నిజం కావడం నాకు మరీ బాధగా ఉంది.

నీకెవరూ లేరని, ఎవరో ఒకరు నిన్ను చూసుకోవాలని, ఆ తొందరలో వాగేశాను. ఎంత చక్కని మనిషిరా! నా కళ్ళతో నేను చూశాను. నేను చూసి మెచ్చిన మనిషినే నీకు దూరం చేశాను. ఇంతకంటే నగుబాటు ఉంటుందా?

సరే, ఏడ్చి లాభం లేదు. మూడు దార్లున్నాయి. ఒకటి, బస్సు కంపెనీకి నేనే ఫోన్ చేసి గెర్డా గారిని పిలిపించి ఉన్నదున్నట్టు చెప్తాను. రెండు, నేను మళ్ళీ టికెట్ కొని ఎక్కుతాను, ఈసారి మైకు నేనే తీసుకుంటాను. మూడు, ఎల్కెకే చెప్తాను, దాని నోటికి ఇన్నాళ్ళకి ఒక మంచి పని దొరుకుతుంది. ఏది కావాలో వెంటనే రాయి.

లోనీ


(కార్డు)
వెల్డెన్‌బాఖ్, 11 సెప్టెంబరు

అక్కా,
మూడూ వద్దు. రాకు, ఫోన్ చెయ్యకు, ఎవరికీ చెప్పకు. మొన్న ఏడో తారీఖున కూడా ఆవిడ లోపలికి రాలేదు. నలభై మంది మధ్యలో నాకు నోరు పెగల్లేదు. చివరి గురువారానికి నేనే టికెట్ కొన్నాను. కోపం తగ్గింది.
కాస్పర్


వెల్డెన్‌బాఖ్,
30 సెప్టెంబరు

అక్కా,

బావని కూడా కూర్చోబెట్టుకుని చదువు. ఎలాగూ చదువుతావు.

గురువారం తెల్లారుజామున రైల్లో కోబ్లెంజ్ వెళ్ళాను. కొత్త చొక్కా, కాలరు లోపలి నుంచి ఇస్త్రీ. ఎల్కె నన్ను చూసి, "టీలెన్ గారూ, మేమే మీ ఇంటికి వస్తున్నాం కదా, మీరిలా ఎదురొచ్చారేమిటి?" అంది. టికెట్ చూపించాను. డ్రైవరు వెనక మొదటి సీటు అడిగి తీసుకున్నాను. గెర్డా అద్దంలో ఒకసారి చూసి, బండి స్టార్ట్ చేసింది.

మాటలన్నీ రైల్లోనే కూడబలుక్కున్నాను. తీరా నోరు తెరిచేసరికి ఎదురుగా బోర్డు. "బండి నడుస్తుండగా డ్రైవరుతో మాట్లాడరాదు." ఏం చెయ్యను? రూలు రూలే కదా. నోరు మూసుకుని కూర్చున్నాను. ఆగిన చోటల్లా ఆవిడ ముసలమ్మల్ని చెయ్యి పట్టి దింపడం, బండిని తిప్పి పెట్టడం, మళ్ళీ ఎక్కించడం. ఆ వెంటనే ఇంజను. ఆవిడ వీపుకేసి చూస్తూ మోజెల్ నది వెంట సగం దారి తిరిగాను. నువ్వు పక్కనుంటే నెత్తిన మొట్టేదానివి.

మొదటి ఊళ్ళో వైన్ పోసే బెర్‌నార్డ్ నన్ను చూసి, తన సరుకు ఎలా ఉందో కూపీ లాగడానికి వచ్చాననుకున్నాడు. మొహం చిట్లించి గ్లాసు పెట్టాడు. నేను నీళ్ళడిగాను. టీలెన్ ఇంటివాడు తన వైన్ వద్దన్నాడని ఇంకా మండిపడ్డాడు. అప్పటికి నేనేదో ఆలోచించుకుని చెయ్యలేదు. ఆవిడ బయట బస్సు దగ్గర నీళ్ళ సీసాతో నిలబడి ఉంది, నాకూ నీళ్ళే తాగాలనిపించింది. తర్వాతి చోటా అంతే. నా చుట్టూ అందరూ ఊగుతూ పాడుతున్నారు, నేను నీళ్ళ గ్లాసు పట్టుకుని ఊగాను. మత్తు లేకుండా ఊగడం చాలా కష్టం అక్కా, నడుము పట్టేస్తుంది.

మన ఇంటికి చేరాం. నా బదులు పొయ్యడానికి ఫెర్డిని పెట్టాను. నా నేలమాళిగలో నిలబడి, "ఇది బాగానే ఉంటుంది, మాది ఇంకా బాగుంటుంది" అని చెప్తున్నాడు దౌర్భాగ్యుడు. పోనీలే అనుకున్నాను. పొద్దున్నే వండి ఉంచిన సూప్ వేడి చేసి, రెండు గిన్నెల్లో పోసి, నీళ్ళ కూజా చంకన పెట్టుకుని బస్సు దగ్గరికి వెళ్ళాను. మెట్టు మీద ఆవిడ పక్కన కూర్చున్నాను. ఇంజను ఆగి ఉంది, కాబట్టి మాట్లాడొచ్చు.

గిన్నె అందుకుంది. కూజాలో నీళ్ళు చూసి, "ఏమండీ, పొద్దుట్నుంచి చూస్తున్నాను, ఒంట్లో బాగోలేదా?" అంది.

"బాగానే ఉంది. మీరు తాగనప్పుడు నేనూ తాగనని."

ఆవిడ చెంచా ఆపింది. "టీలెన్ గారూ, ఎల్కె లోపలుంది. మీరు కూర్చోవలసిన చోటు ఇది కాదు."

"ఇదే. మొదట్నుంచీ ఇదే. మా అక్క ఒకరిని చూడబోయి ఇంకొకర్ని చూసింది. నేను వంటింట్లో ఎదురుచూసింది మీ కోసం. ఇవాళ్టితో బస్సు ఆగిపోతుందని భయపడుతున్నదీ మీ కోసమే."

నేనే అన్నాను అక్కా, నా నోటితోనే. బట్టీపట్టిన మాటలు ఒక్కటీ గుర్తు లేవు. ఆ ఊపులో సూప్ ప్యాంటు మీద ఒలికింది. ఆవిడ తన రుమాలు తీసి ఇచ్చింది. తర్వాత నెమ్మదిగా, "వేసవి మధ్యలోనే నన్ను వేరే దారిలో వేస్తామన్నారు. సెప్టెంబరు దాకా ఇందులోనే ఉంచమని మేనేజరుని బతిమాలుకున్నాను" అంది. ఎందుకని అడిగాను. "ఇంత సూప్ ఎవరు పెడతారు నాకు" అంది. అంటూ నాకేసి చూడలేదు. చెవులు ఎర్రబడ్డాయి.

నాలుగు వారాలు రొట్టె తిన్నారే మరి, అన్నాను. "మీకూ ఎల్కెకీ మధ్యలో అడ్డం ఉండకూడదని" అంది. నువ్వు రాసింది నిజం, గొప్ప గుణం.

సాయంత్రం కోబ్లెంజ్‌లో అందరూ దిగిపోయాక బస్సుని షెడ్డులో పెట్టింది. తాళం అప్పజెప్పి వచ్చింది. ఇక బండి లేదు, పని లేదు. కోటులోంచి సీసా తీశాను. పై వాలుది, లేబుల్ అంటించకుండా ఇంటి కోసం ఉంచుకునేది. మన నాన్న నాటిన తీగలది. ఫ్లాస్కు మూతలో పోసి ఇచ్చాను. నాలుగు నెలలుగా నేను ఎదురుచూసింది ఆ గుక్క కోసమే.

తాగింది. మొహం ఎలాగో పెట్టింది. "నిజం చెప్పనా?" అంది. చెప్పమన్నాను.

"పుల్లగా ఉందండీ. నాకు అసలు వైనే పడదు. బండి నడపాలని చెప్పి ఇన్నేళ్ళూ తప్పించుకుంటున్నాను. నాకు బీరు ఇష్టం."

తాతల నాటి నుంచి ఆ వాలు మీద నడుములు విరగ్గొట్టుకుంటున్నాం. ఇదే మాట ఇంకెవరన్నా అని ఉంటే జన్మలో మళ్ళీ పలకరించేవాణ్ణి కాదు. ఆవిడ మొహంలోకి చూశాను, నిజం చెప్పేశానే అని భయపడుతోంది పాపం. నవ్వొచ్చేసింది. ఇద్దరం ఆ షెడ్డు గోడ కూలేట్టు నవ్వాం. కాపలావాడు ఏమైందోనని వచ్చి చూశాడు. మిగతా సీసా అతనికి ఇచ్చేశాను. చాలా బాగుందన్నాడు, అది కూడా రాసుకో.

రేపు ఆదివారం మధ్యాహ్నం రైలుకి వస్తోంది. బస్సు లేదు, టూరిస్టులు లేరు, తనొక్కతే. సూప్ కాకుండా ఇంకేం వండాలో తెలియడం లేదు, రాయడానికి నీకు టైము లేదు కాబట్టి నేనే ఏదో చేస్తాను.

ఇందాక చర్చి పక్క కొట్టుకి వెళ్ళి ఒక పెట్టె బీరు కొన్నాను. మన ఊళ్ళో సంగతి నీకు తెలియంది కాదు. ఫెర్డితో సహా అందరూ తాగుతారు. కానీ వైన్ చేసే ఇంటికి బీరు వెళ్తోందంటే పరువు తక్కువని, చీకటి పడ్డాక, మీద గోనె కప్పి తెచ్చుకుంటారు. నేనూ ఇన్నేళ్ళూ అలాగే తెచ్చుకున్నాను. ఇవాళ కొట్టు బయటికి వచ్చేసరికి సాయంత్రం ప్రార్థన ముగిసి జనమంతా మెట్లు దిగుతున్నారు. ఫాదర్ ఉన్నారు, ఫెర్డి ఉన్నాడు, ఫెర్డి పెళ్ళాం ఉంది. పెట్టె భుజాన పెట్టుకుని వాళ్ళ మధ్య నుంచే, పెద్ద వీధి పొడుగునా నడిచి ఇంటికి తెచ్చాను. "ఎవరికి కాస్పర్?" అని ఫెర్డి కేకేశాడు. "మా ఇంటికి వచ్చే ఆవిడకి" అన్నాను.

గోనె కప్పలేదు అక్కా.

నీ తమ్ముడు
కాస్పర్